ఓడ రేవులో పన్నెండు గంటలు, ఊళ్లో ఐదు గంటలు

క్రూజ్ ఓడ ఒక రేవులో ఆగిన రోజున ఊరు చూడటానికి రెండు దారులుంటాయి. ఒకటి, ఓడ కంపెనీ అమ్మే టూరు కొనుక్కుని వాళ్ల బస్సులో వెళ్లి రావడం. రెండోది, సొంతంగా దిగి రైలో, బస్సో, ట్యాక్సీయో పట్టుకుని తిరిగి రావడం. సొంతంగా వెళితే ఖర్చు తగ్గుతుంది, నచ్చిన చోట నచ్చినంతసేపు ఉండొచ్చు. కానీ వేళకు తిరిగొచ్చే బాధ్యత పూర్తిగా ప్రయాణికుడి నెత్తిన పడుతుంది. కంపెనీ టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. ఆగలేకపోతే తర్వాతి రేవుకు చేర్చే ఏర్పాటు కంపెనీయే చూస్తుంది. సొంతంగా వెళ్లినవాళ్లకు ఆ హామీ ఉండదు. అందుకే సొంత టూరు ప్రణాళిక గంటల లెక్కతో మొదలవుతుంది. ఏ మ్యూజియం, ఏ గుడి, ఏ బీచి అన్నది ఆ లెక్క తేలాకే.

టికెట్టు మీది వేళ, దిగే వేళ

క్రూజ్ టికెట్టు మీద ఒక్కో రేవుకు రెండు వేళలు ఉంటాయి: ఓడ వచ్చేది, వెళ్లేది. ‘ఉదయం 7, సాయంత్రం 7’ అని చూడగానే పన్నెండు గంటలు చేతిలో ఉన్నాయనిపిస్తుంది. ఆ ఉదయం 7 అన్నది ఓడ ఒడ్డుకు చేరి తాళ్లు కట్టే సమయం. ఆ తర్వాత గ్యాంగ్‌వే, అంటే ఓడ నుంచి ఒడ్డుకు దిగే వంతెన అమర్చాలి. పోర్టు ఆరోగ్యాధికారులు, కస్టమ్స్, ఇమిగ్రేషన్ సిబ్బంది కాగితాలు చూసి అనుమతి ఇవ్వాలి. అనుమతి వచ్చిందని మైకులో చెప్పేదాకా ప్రయాణికులెవరినీ దిగనివ్వరు. మామూలుగా దీనికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. అందరి పాస్‌పోర్టులూ ఒక్కొక్కటిగా చూసే దేశాల్లో గంట దాటిపోవచ్చు.

అనుమతి వచ్చాక మొదటి అరగంట రద్దీ సమయం. కంపెనీ టూర్లవాళ్లను ముందే థియేటర్‌లో కూర్చోబెట్టి, స్టిక్కర్లు అంటించి, గుంపులు గుంపులుగా దించుతారు. మూడు వేల మంది ఉన్న ఓడలో అప్పుడు లిఫ్టులన్నీ కిక్కిరిసి ఉంటాయి. తొందరగా దిగాలనుకునేవాళ్లు టిఫిన్ ముందే ముగించి, లిఫ్టు కోసం నిలబడకుండా మెట్ల దారి పడతారు. గ్యాంగ్‌వేను ప్రతి రేవులో ఒకే అంతస్తు నుంచి వేయరు. బెర్తు ఎత్తును బట్టి, ఆటుపోట్లను బట్టి మారుస్తారు. ఏ అంతస్తు నుంచి దించుతారో ముందు రాత్రి క్యాబిన్‌కు వచ్చే దినచర్య కాగితంలోనో, ఓడ యాప్‌లోనో ఉంటుంది. దూరం వెళ్లాల్సిన పని లేనివాళ్లకు ఈ రద్దీ అయ్యేదాకా ఓడలోనే ఉండి, తొమ్మిదిన్నర ప్రాంతంలో నింపాదిగా దిగడం సుఖం.

లంగరు వేసే రేవులు

కొన్ని చోట్ల పెద్ద ఓడ ఒడ్డుకు చేరేంత లోతు గానీ, బెర్తు గానీ ఉండదు. గ్రీసులోని సాంటోరినీలో, మన లక్షద్వీప్‌లోని అగట్టిలో ఇదే పరిస్థితి. ఓడ సముద్రంలోనే ఆగుతుంది, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. ఈ పడవలను టెండర్లంటారు. చాలా ఓడల్లో లైఫ్‌బోట్లనే ఇందుకు వాడతారు, పెద్ద ఓడల టెండర్లలో వందకు పైగా ఎక్కుతారు. కంపెనీ టూర్లవాళ్లకు, ఖరీదైన సూట్లవాళ్లకు, పాత సభ్యులకు మొదటి పడవలు ఇస్తారు. మిగతావాళ్లు నంబరున్న టికెట్లు తీసుకుని, పెళ్లి భోజనాల్లో రెండో బంతి కోసం చూసినట్టు తమ నంబరు పిలిచేదాకా కూర్చోవాలి. దిగేసరికి ఓడ వచ్చి గంటన్నర, రెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. అందుకే లంగరు రేవులో పొద్దున్నే టైము పెట్టి టికెట్లు బుక్ చేసుకుంటే అవి వృథా అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. అలలు పెరిగితే పడవల్లోకి మనుషుల్ని దించడం ప్రమాదమని కెప్టెన్ ఆ రేవునే రద్దు చేయొచ్చు. అప్పుడు పోర్టు పన్నుల మేరకు డబ్బు వెనక్కి వస్తుంది తప్ప, బయట కట్టిన టూరు డబ్బుతో ఓడ కంపెనీకి సంబంధం ఉండదు. ఓడ రాకపోతే పూర్తి సొమ్ము తిరిగిస్తామని రాతపూర్వకంగా ఒప్పుకునే స్థానిక టూర్లవాళ్లు చాలా రేవుల్లో ఉన్నారు. బుక్ చేసే ముందు ఆ షరతు ఉందో లేదో చూసుకోవాలి.

తిరిగి ఎక్కాల్సిన వేళ

టికెట్టు మీద ‘సాయంత్రం 7’ అని ఉంటే ఆ సమయానికి ఓడ కదులుతుంది. ప్రయాణికులు అంతకన్నా ముందే లోపల ఉండాలి. కంపెనీని బట్టి అరగంట నుంచి గంట ముందే గడువు పెడతారు. లంగరు రేవుల్లో ఆ గడువు ఆఖరి టెండర్ పడవ కదిలే సమయం. దిగేటప్పుడు గ్యాంగ్‌వే దగ్గర బోర్డు మీద రాసి ఉండేది ఈ గడువే కాబట్టి లెక్కకు దాన్నే పట్టుకోవాలి. దాన్ని ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే సరిపోతుంది.

గడువు దాటాక ఓడ ఎందుకు ఆగదన్నదానికి గట్టి కారణాలున్నాయి. బెర్తును గంటల లెక్కన కేటాయిస్తారు, ఆ వెనకే ఇంకో ఓడ రావచ్చు. రేవు దాటించే పైలట్, టగ్గులు ముందే చెప్పిన వేళకు సిద్ధంగా ఉంటాయి. ఆటుపోట్ల రేవుల్లో నీటిమట్టం తగ్గితే బయటపడటమే కష్టం. వీటన్నిటికీ మించింది ఇంధనం. ఆలస్యాన్ని దారిలో పూడ్చుకోవాలంటే వేగం పెంచాలి. ఓడకు కావాల్సిన ఇంజిన్ శక్తి ఇంచుమించు వేగం ఘనం లెక్కన పెరుగుతుంది. వేగం పదో వంతు పెంచితే శక్తి మూడో వంతు ఎక్కువ కావాలి. ఇద్దరు ముగ్గురు ప్రయాణికుల కోసం అరగంట ఆగితే దాని ఖర్చు రాత్రంతా నడుస్తుంది.

ఓడ గడియారం, ఒడ్డు గడియారం

వేళలన్నీ ఓడ గడియారం ప్రకారమే ఉంటాయి. ఒడ్డున ఉన్న దేశం సమయం వేరైనప్పుడు కొన్ని ఓడలు తమ గడియారం మార్చుకుంటాయి, కొన్ని మార్చుకోవు. ఫోను మాత్రం స్థానిక టవర్ పట్టుకోగానే తనంతట తానే మారిపోతుంది. సింగపూర్ నుంచి పెనాంగ్, పుకెట్ వెళ్లి వచ్చే ఓడనే తీసుకుంటే, మలేసియాలోని పెనాంగ్‌ది సింగపూర్ సమయమే. థాయ్‌లాండ్‌లోని పుకెట్ మాత్రం సింగపూర్ కన్నా ఒక గంట వెనక. ఓడ సింగపూర్ సమయాన్నే కొనసాగిస్తే, పుకెట్ బీచిలో ఫోను నాలుగున్నర చూపిస్తున్నప్పుడు ఓడలో ఐదున్నర అయి ఉంటుంది. గడువు ఐదున్నర అయితే, ఇంకా గంట ఉందనుకున్నవాళ్ల పని అక్కడితో అయిపోయినట్టే.

వేసవిలో ఫ్లోరిడా నుంచి మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్లే ఓడల్లోనూ ఇదే తేడా వస్తుంది. కోజుమెల్ ఉన్న రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తోంది, ఫ్లోరిడా వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతుంది. ఫోను ఇచ్చే దగాకు చేతి గడియారమే మందు. దాన్ని ఓడ సమయానికి పెట్టి, ఆ రోజంతా దాన్నే చూడాలి. బయటి టూరువాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం స్థానిక సమయంలో చెప్పాలి.

రోమ్ లెక్క

ఇటలీలో క్రూజ్ కాగితాలు ‘రోమ్’ అని రాసే రేవు అసలు పేరు చివిటావెక్కియా. అది రోమ్‌కు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓడ ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా ఆగుతుందనుకుంటే లెక్క ఇలా సాగుతుంది.

అనుమతి వచ్చి ఒడ్డున కాలు పెట్టేసరికి 7:45. రేవు చాలా పెద్దది, లోపల నడవనివ్వరు. షటిల్ బస్సు ఎక్కి లార్గో దెల్లా పాచే అనే బస్ స్టాండులో దిగేసరికి 8:10. అక్కడి నుంచి నడిచో, ఇంకో బస్సెక్కో రైల్వే స్టేషన్ చేరేసరికి 8:30. టికెట్ తీసుకుని రైలెక్కేసరికి ఇంకో ఇరవై నిమిషాలు. రైలును బట్టి ప్రయాణం నలభై నిమిషాల నుంచి గంటా పది నిమిషాల దాకా ఉంటుంది. వాటికన్ చూడదలచినవాళ్లు రోమా సాన్ పియెత్రో స్టేషన్లోనే దిగితే సెయింట్ పీటర్స్ పదిహేను నిమిషాల నడక. కొలోసియం వెళ్లేవాళ్లు తెర్మినీ దాకా వెళ్లి మెట్రో బి లైను పట్టుకోవాలి. అంతా సవ్యంగా జరిగితే కొలోసియం ముందు నిలబడేది 10:15కు.

తిరుగు ప్రయాణాన్ని చివరి నుంచి వెనక్కి లెక్కేయాలి. ఓడ కదిలేది 7కు, గడువు 6:30. ట్రాఫిక్, షటిల్ క్యూ, భద్రతా తనిఖీ ఉంటాయి కాబట్టి 5:15 కల్లా రేవు బస్ స్టాండుకు చేరాలి. అంటే చివిటావెక్కియా స్టేషన్లో 4:45కు దిగాలి. అందుకు తెర్మినీలో మూడున్నర ప్రాంతంలో రైలెక్కాలి. ఆ రైలు రద్దయినా తర్వాతిది అందుకునే వెసులుబాటు ఇందులోనే ఉంది. కొలోసియం నుంచి తెర్మినీ చేరి ప్లాట్‌ఫారం వెతుక్కోవడానికి కనీసం పావుగంట తీసేయాలి. మిగిలింది 10:15 నుంచి 3:15 దాకా, అక్షరాలా ఐదు గంటలు. టికెట్టు మీద పన్నెండు గంటలున్న రోజున రోమ్‌కు దక్కేది అంతే. ఐదు గంటల్లో కొలోసియం, ఫోరం, ట్రెవీ ఫౌంటెన్ కుదురుతాయి. లేదా సెయింట్ పీటర్స్, వాటికన్ మ్యూజియం కుదురుతాయి. రెండూ పెట్టుకుంటే పరుగే మిగులుతుంది.

ఈ లెక్కకు రెండు స్థానిక సంగతులు కలుపుకోవాలి. ఇటలీ ప్రాంతీయ రైళ్లలో కాగితం టికెట్టును ఎక్కేముందు మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి, మరిచిపోతే జరిమానా. అక్కడి రైల్వే సమ్మెలు ముందే ప్రకటిస్తారు. సమ్మె రోజున పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య మాత్రమే కొన్ని రైళ్లకు హామీ ఉంటుంది. ఓడ ప్రయాణికుడు వెనక్కి రావాల్సిన మధ్యాహ్నం ఆ హామీలో లేదు. సమ్మె ఉన్న రోజున కంపెనీ టూరు గానీ, కారు గానీ మంచిది.

రేవు పేరు ఒకటి, ఊరు ఇంకొకటి

ఇలా ఊరి పేరు పెట్టుకున్న దూరపు రేవులు చాలా ఉన్నాయి. ‘పారిస్’ అంటే ల హావ్ర్, రైల్లో రెండు గంటల పైమాట. ‘బెర్లిన్’ అంటే వార్నెమ్యూండె, ఒకవైపే ఇంచుమించు మూడు గంటలు. ‘ఫ్లోరెన్స్’ అంటే లివోర్నో, రైల్లో సుమారు గంటన్నర. ‘బ్యాంకాక్’ అంటే లేమ్ చబాంగ్, బస్సులో రెండు గంటలు, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌లో టికెట్లు మధ్యాహ్నం మూడున్నరకు ఆపేస్తారు కాబట్టి ఆలస్యంగా దిగినవాళ్లకు అది అందదు. మరోపక్క నేపుల్స్‌లో ఓడ ఊరి నడిబొడ్డున, కోట ఎదురుగా ఆగుతుంది. అక్కడి నుంచి పాంపే శిథిలాలకు లోకల్ రైలు నలభై నిమిషాల లోపే. ఓడ ఆగే గంటలు సమానమే అయినా నేపుల్స్‌లో రోజంతా చేతికి వస్తుంది, వార్నెమ్యూండెలో సగం రోజు రైలుకే పోతుంది. రాకపోకలు, వెసులుబాటు కలిపి సగం కన్నా ఎక్కువ తినేస్తుంటే ఆ దూరపు ఊరిని వదిలి దగ్గరిది చూడటం మేలు. లివోర్నోలో దిగి ఫ్లోరెన్స్ బదులు పీసా వెళ్లేవాళ్లు చేసేది ఇదే. అది పాతిక కిలోమీటర్ల లోపే.

క్యూల లెక్క: సాంటోరినీ

దూరం తక్కువైనా క్యూ వల్ల సమయం పోయే చోట్లున్నాయి. సాంటోరినీలో టెండర్ పడవ దింపేది కొండ కింద పాత రేవులో. ఊరు, ఫిరా, రెండువందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. పైకి వెళ్లడానికి కేబుల్ కారు, కంచర గాడిదలు, లేదా ఆరువందలకు దగ్గరగా ఉన్న మెట్లు. కేబుల్ కారు మూడు నిమిషాల్లో పైకి చేరుస్తుంది. కానీ ఒక దిశలో గంటకు సుమారు 1,200 మందినే మోయగలదు. 2025 నుంచి ఆ దీవి రోజుకు 8,000 మంది క్రూజ్ ప్రయాణికులనే అనుమతిస్తోంది. అందరూ కేబుల్ కారే ఎక్కితే 8,000 మందిని దించడానికి ఆరున్నర గంటలకు పైగా పడుతుంది. జరిగేదేమిటంటే, కంపెనీ టూర్లవాళ్లు వేరే రేవు నుంచి బస్సులో పైకి వెళ్లినా, దిగేటప్పుడు ఎక్కువమంది ఈ కేబుల్ కారు దగ్గరికే వస్తారు. సాయంత్రం నాలుగు దాటాక ఫిరా సందుల్లో క్యూ వంకర్లు తిరుగుతూ దుకాణాల ముందు దాకా పాకుతుంది, గంట దాటి నిలబడాల్సి వస్తుంది. మెట్ల మీద దిగిపోదామంటే గాడిదల పేడతో, అరిగి నున్నబడిన రాళ్లతో కాలు జారే దారి అది. మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లకే కుదురుతుంది. అందుకని అక్కడ తెలిసినవాళ్లు ముందు పదకొండు కిలోమీటర్ల దూరంలోని ఓయాకు బస్సెక్కి వెళ్లిపోతారు. మధ్యాహ్నానికి ఫిరాకు తిరిగొచ్చి, రద్దీకి ముందే మూడింటికల్లా కిందికి దిగుతారు.

ఆ రోజు రేవుకు ఎన్ని ఓడలు వస్తున్నాయో పోర్టుల వెబ్‌సైట్లలో నెలల ముందే ఉంటుంది. ఒక్క ఓడ వచ్చే రోజుకీ, నాలుగు ఓడలు వచ్చే రోజుకీ క్యూల్లో చాలా తేడా ఉంటుంది.

రోజును అమర్చడం

మొదటి సూత్రం, దూరమైనదాన్ని ముందు చూడటం. మధ్యాహ్నం దాటేకొద్దీ రేవుకు దగ్గరవుతూ రావాలి. ఆఖరి గంటలు ఓడ కనిపించేంత దూరంలో గడిస్తే ఎంత ఆలస్యమైనా నడిచి చేరుకోవచ్చు. రెండోది, సముద్రం మీద ఇంకో ప్రయాణం కలిపేటప్పుడు జాగ్రత్త. నేపుల్స్ నుంచి కాప్రి దీవికి వెళ్లే పడవలు గాలి పెరిగితే రద్దవుతాయి, అప్పుడు వెనక్కి వచ్చే దారే ఉండదు. మూడోది, టైము రాసి ఉన్న టికెట్లను దిగే వేళకు దగ్గరగా పెట్టుకోకూడదు. లెక్క ప్రకారం చేరే సమయానికి కనీసం ముప్పావుగంట కలిపి బుక్ చేయాలి.

సెలవులు కూడా చూసుకోవాలి. ఓడ ఏ వారం వస్తుందో ప్రయాణికుడి చేతిలో ఉండదు. ఫ్లోరెన్స్ ఉఫీజీ గ్యాలరీకి సోమవారం సెలవు, పారిస్ లూవ్ర్‌కు మంగళవారం. వాటికన్ మ్యూజియంకు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు సెలవు. ముంబయి నుంచి ఓడలు వచ్చే కొచ్చిలో మట్టాంచేరి ప్యాలెస్‌కు శుక్రవారం, యూదుల పరదేశి ప్రార్థనా మందిరానికి శనివారం సెలవు. శనివారం దిగేవాళ్లు ఫోర్ట్ కొచ్చిలో చీనా వలలు, పాత చర్చిలు చూసుకోవడమే మంచిది. హిందూ దేవాలయాలు మధ్యాహ్నం తలుపులు మూస్తాయి కాబట్టి దర్శనం ఉదయమే పెట్టుకోవాలి.

విశాఖపట్నానికీ ఇదే కొలత వర్తిస్తుంది. అక్కడి అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. పొద్దున్న దిగి సాయంత్రం ఎక్కాల్సినవాళ్లకు సింహాచలం, కైలాసగిరి, ఆర్కే బీచిలో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం హాయిగా కుదురుతాయి. సోమవారమైతే కురుసుర మూసి ఉంటుంది. బొర్రా గుహలు దాదాపు 90 కిలోమీటర్లు, పైగా ఘాట్ రోడ్డు. రాకపోకలకే ఐదారు గంటలు పోతుంది, అరకు కలిపితే అసలే అందదు.

ఓడ తప్పిపోతే

ఎవరు దిగారో, ఎవరు ఎక్కారో క్యాబిన్ కార్డు స్కాన్‌తో ఓడకు తెలుస్తూనే ఉంటుంది. గడువు దాటినా రానివాళ్ల పేర్లు మైకులో పిలుస్తారు. అప్పటికీ రాకపోతే పాస్‌పోర్టు ఓడలోనే ఉన్న పక్షంలో దాన్ని రేవులోని పోర్టు ఏజెంటుకు ఇచ్చి వెళ్లడం రివాజు. తప్పిపోయినవాళ్లు మొదట చేరాల్సింది ఆ ఏజెంటు దగ్గరికే. ఆయన ఫోన్ నంబరు దినచర్య కాగితం మీద ఉంటుంది. తర్వాతి రేవుకు చేరే విమానం, హోటలు, అన్నీ సొంత ఖర్చే.

2024 మార్చిలో నార్వేజియన్ డాన్ అనే ఓడ ఆఫ్రికా తీరంలోని సావో తోమే దీవిలో ఎనిమిది మందిని వదిలి వెళ్లింది. వాళ్లు వెళ్లింది ఓడ టూరు కాదు, బయటి టూరు. తీరరక్షకదళం పడవలో ఓడ దగ్గరికి చేర్చినా ఎక్కించుకోలేదు. ఓడను అందుకోవడానికి వాళ్లు గాంబియా చేరితే, ప్రతికూల పరిస్థితుల వల్ల ఓడ అక్కడ ఆగనే లేదు. చివరికి సెనెగల్‌లోని డకార్‌లో ఎక్కారు.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఇక్కడ ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. ఓడలో ఉన్నంతవరకు కొన్ని దేశాల్లో వీసా సడలింపు ఉండొచ్చు. ఓడ లేకుండా అదే దేశంలో ఉండాలన్నా, విమానంలో తర్వాతి దేశంలో దిగాలన్నా మామూలు వీసా అడుగుతారు. అందుకే దారిలోని దేశాలన్నిటి వీసా నిబంధనలు బయల్దేరే ముందే చూసుకోవాలి. ఓడ తప్పిన ఖర్చును భరించే ప్రయాణ బీమా తీసుకోవాలి. దిగేటప్పుడు పాస్‌పోర్టు గానీ, దేశం ఒప్పుకుంటే దాని నకలు గానీ, ఒక బ్యాంకు కార్డు, రెండు రోజుల మందులు, పోర్టు ఏజెంటు నంబరు వెంట ఉండాలి. రేవు, బెర్తు పేరు స్థానిక భాషలో రాసిన కాగితం కూడా ఉంటే ట్యాక్సీ డ్రైవరు ఇంకో టెర్మినల్‌కు తీసుకెళ్లే పొరపాటు జరగదు. బార్సిలోనా వంటి పెద్ద రేవుల్లో ఒక టెర్మినల్‌కూ ఇంకోదానికీ మధ్య కిలోమీటర్ల దూరం ఉంటుంది.